ఇంజినీరింగ్ నుంచి ఫైనాన్స్‌లోకి ఎంబీఏతో మారొచ్చా?

మెకానికల్‌లో ఐదేళ్లు పనిచేశాను, కామర్స్ ఎప్పుడూ చదవలేదు, ఎంబీఏ చేస్తే ఫైనాన్స్ ఉద్యోగం వస్తుందా అని అడిగారు. నేను ఆ దారిలోనే వచ్చాను కాబట్టి చెబుతున్నాను, మారొచ్చు. పవర్ ప్లాంట్‌లో ఆరేళ్లు మెయింటెనెన్స్ చూశాను. తర్వాత రెండేళ్ల ఎంబీఏ. ఇప్పుడు పెద్ద ప్రాజెక్టులకు అప్పులిచ్చే విభాగంలో ఉన్నాను.

ఈ ఆలోచన ఒక పంపు దగ్గర మొదలైంది. పాతది మార్చాలని ఫైలు పెడితే ఫైనాన్స్ వాళ్లు వెనక్కి పంపారు. కొత్త పంపుతో కరెంటు ఎంత ఆదా అవుతుందో రాశాను గానీ, ఆ ఆదా ఎన్నేళ్లలో పెట్టుబడిని తిరిగి తెస్తుందో రాయలేదు. ఆ రోజు కోపం వచ్చింది. నాలుగు రోజులు పోయాక మాత్రం, వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. దానికి జవాబు చెప్పడం నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

లెక్కలు బాగా వస్తాయి కాబట్టి ఫైనాన్స్ తేలికని చాలామంది చెబుతారు. ఈ మాటను నమ్మి మోసపోకండి. ఆప్షన్ల (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) ధర కట్టే బ్లాక్-షోల్స్ సూత్రం (1973) మనం చదువుకున్న ఉష్ణ ప్రసరణ సమీకరణానికి దగ్గరి చుట్టమే, నిజమే. కానీ ఆ పని చేసేవాళ్లు ఎక్కువగా గణితంలోనో ఫైనాన్షియల్ ఇంజినీరింగ్‌లోనో పై చదువులు చదివినవాళ్లు. ఎంబీఏ తర్వాత దొరికే ఉద్యోగాల్లో చాలావరకు కూడికలు, తీసివేతలు, శాతాలే. మనల్ని అసలు ఇబ్బంది పెట్టేది అకౌంటింగ్. మనకు అంకె అంటే మీటరు మీద చదివేది. అక్కడ చాలా అంకెల వెనుక ఎవరిదో ఒక అంచనా ఉంటుంది. అదే యంత్రానికి ఒక కంపెనీ పదేళ్ల ఆయుష్షు రాస్తే, ఇంకో కంపెనీ పదిహేనేళ్లు రాస్తుంది. లాభం మారిపోతుంది, యంత్రం మాత్రం అదే.

ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. తరుగుదల, అంటే యంత్రం విలువలో ఏటా ఖర్చుగా రాసే భాగం, 10 పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో (లాభనష్టాల ఖాతా, నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో, ఆస్తులూ అప్పులూ చూపే బ్యాలెన్స్ షీట్) ఏం మారుతుంది? పన్ను 30 శాతం అనుకోండి. పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది, పన్ను 3 తగ్గుతుంది, కాబట్టి నికర లాభం 7 తగ్గుతుంది. తరుగుదలకు చేతి నుంచి డబ్బు పోదు కాబట్టి క్యాష్ ఫ్లోలో ఆ 10ని తిరిగి కలుపుతాం. అంటే నగదు 3 పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో యంత్రాల విలువ 10 తగ్గి, నగదు 3 పెరిగి, ఆస్తులు మొత్తం మీద 7 తగ్గుతాయి. అటువైపు ఈక్విటీ, అంటే యజమానుల వాటా, కూడా 7 తగ్గుతుంది, రెండు వైపులా సరిపోతుంది. ఖర్చు పెరిగితే నగదు ఎలా పెరిగిందో మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. కాగితం మీద నాలుగుసార్లు చేత్తో వేసుకున్నాకే తలకెక్కింది.

ఇదంతా కోర్సులో చేరకముందే నేర్చుకోండి. రెండేళ్ల ఎంబీఏలో మధ్య సెలవుల్లో చేసే ఇంటర్న్‌షిప్ చాలా కీలకం, కెరీర్ మార్చుకునేవాళ్లకు అసలు తలుపు అదే. దాని ఎంపికలు చాలా చోట్ల మొదటి సంవత్సరంలోనే, లోతైన ఫైనాన్స్ పాఠాలు మొదలుకాకముందే జరిగిపోతాయి. క్లాసులో చెబుతారులే అని కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంజినీరింగ్‌ను దాచిపెట్టడం. మొదటి రెండు ఇంటర్వ్యూల్లో పాత ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో ముగించి, ఫైనాన్స్ అంటే ఇష్టమని చెప్పుకొచ్చాను. రెండూ పోయాయి. మూడో చోట ఒక పవర్ ప్రాజెక్టు మోడల్, అంటే ఏడాదివారీ రాబడి, ఖర్చుల అంచనా పట్టిక, చూపించారు. అప్పు తీరేవరకూ ప్రతి ఏడాదీ ఉత్పత్తి ఒకేలా వేసుంది. టర్బైన్‌ను పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేసే ఏడాది ఇంత రాదు కదా అన్నాను. ఆ ఏడాది అంకె తగ్గించి చూస్తే డీఎస్‌సీఆర్, అంటే కట్టాల్సిన అసలు, వడ్డీలకు నగదు ఎన్ని రెట్లు ఉందో చెప్పే నిష్పత్తి, 1 కంటే కిందికి పోయింది. అంటే ఆ ఏడాది వాయిదాకు డబ్బు చాలదు. ఆ తర్వాత అరగంట మా ప్లాంటు గురించే మాట్లాడుకున్నాం. ఆ ఉద్యోగమే వచ్చింది. మీరు కూడా ప్రాజెక్ట్ ఫైనాన్స్, తయారీ కంపెనీల ఈక్విటీ రీసెర్చ్ (షేర్ల విలువ అంచనా వేసే పని), కార్పొరేట్ ఫైనాన్స్ లాంటివి ముందు చూడండి.

ఖర్చు మాట. ఫీజుతో పాటు రెండేళ్ల జీతం కూడా పోతుంది, రెండూ కలిపి లెక్కేసుకోండి. మీ కంపెనీలోనే ఫైనాన్స్ విభాగానికి మారే వీలుంటే ముందు అదే అడగండి. షేర్లు, ఫండ్ల వైపే ఆసక్తి ఉంటే ఉద్యోగం చేస్తూ సీఎఫ్ఏ (పెట్టుబడుల రంగంలో ఒక ప్రొఫెషనల్ అర్హత) పరీక్షలు రాయొచ్చు. మూడు లెవెల్స్, ఒక్కోదానికి దాదాపు 300 గంటల చదువు. కానీ అది ఇంటర్న్‌షిప్ ఇప్పించదు. కాలేజీని ఎంచుకునేటప్పుడు సగటు జీతం చూసి ఆగిపోకండి, మీలాంటి ఇంజినీర్లలో ఎంతమందికి ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్ దొరికిందో అడగండి.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయండి. మీకు బాగా తెలిసిన యంత్రాలు వాడే ఒక కంపెనీ వార్షిక నివేదిక తీసి, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, ఆస్తుల నోట్స్ రెండు ఆదివారాలు కూర్చుని చదవండి. ఎక్కడైనా ఆగిపోతే ఏ లైనో చెప్పి అడగండి, నాకు తెలిసినంత వివరిస్తాను.