సైడ్ అప్పర్‌లో ఇద్దరు

ప్రశ్న: అన్నా, చిన్నప్పుడు మా మామ క్యాసెట్ వేసి ఒక బ్లాక్ అండ్ వైట్ కామెడీ చూపించినాడు. ఒకాయన బక్క, ఒకాయన లావు, ఇద్దరూ రైల్లో పై బెర్తులో దూరి బట్టలు విప్పుకోలేక నానా తిప్పలు పడతారు. మాటలు ఉన్నట్టు కూడా గుర్తులేదు గానీ కడుపు పట్టుకొని నవ్వినాము. దాని పేరేంది? మా పిల్లోడికి చూపిస్తే "ఎంతసేపూ అదే సీనా" అంటాడేమో అని అనుమానం.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, అది లారెల్ హార్డీల 'బెర్త్ మార్క్స్'. 1929లో హాల్ రోచ్ స్టూడియో తీసింది, డైరెక్టర్ లూయిస్ ఫోస్టర్, మొత్తం ఇరవై నిమిషాల లోపే. పుట్టుమచ్చను ఇంగ్లీషులో బర్త్‌మార్క్ అంటారు కదా, ఆ మాటనే రైలు బెర్తుకి తిప్పి పేరు పెట్టినారు. నిజానికి అది మాటలున్న సినిమానే, వాళ్ళ టాకీల్లో రెండోది, అప్పట్లో సౌండ్ మిషన్ లేని హాళ్ళ కోసం మూకీగా కూడా వదిలినారు. కానీ మీకు మాటలు గుర్తులేకపోవడంలో తప్పేం లేదు, అందులో నవ్వంతా ఒళ్ళు చేసే పనిలోనే ఉంది.

వాళ్ళిద్దరూ ప్రోగ్రాములిచ్చుకునే ఆర్టిస్టులు, మనిషంత ఫిడేలు మోసుకొని పాట్స్‌విల్ అనే ఊరికి పోతా ఉంటారు. ఇద్దరికీ కలిపి ఒకటే పై బెర్తు. ఆ కాలం అమెరికా స్లీపర్ పెట్టెల్లో బెర్తులు నడిచే దారి పొడుగునా ఉండేవి, ముందర కర్టెన్, అంటే మన సైడ్ అప్పర్ లెక్కన్నమాట. మొన్న తిరుపతిలో రాత్రి బండి ఎక్కినప్పుడు చూసినా, కొండ మీద గుండు చేయించుకొని వచ్చిన ఒక పెద్దాయన లడ్డూల కవరు ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని, రెండో చేత్తో కమ్మీ పట్టుకొని సైడ్ అప్పర్ ఎక్కతా ఉన్నాడు, ఎక్కినాక కూర్చుందామంటే తల ఆనతాది, పడుకుందామంటే కవరు నలగతాది. ఒక్క మనిషికే అంత అవస్థ అయితే అట్టాంటి చోట ఇద్దరు, అందులో ఒకరు హార్డీ అంత లావు, కోటూ ప్యాంటూ విప్పాలంటే ఎట్టుంటాదో చూడండి! ఒకరి చెయ్యి ఇంకొకరి చొక్కాలో, ఒకరి మోచెయ్యి ఇంకొకరి మొహం మీద.

మీ పిల్లోడు అదే సీనా అంటే అనుకోనీండి, కానీ ఫార్వర్డ్ మాత్రం కొట్టొద్దు. తీసేవాళ్ళు తొందరగా కట్ చేయకుండా మనల్ని కూడా ఆ బెర్తులోనే ఇరికించి ఉంచినారు, మొదటి నిమిషం జాలేస్తాది, ఆ తర్వాతే ఆపుకోలేని నవ్వు వచ్చేది. మధ్యలో పెట్టెలో వాళ్ళు ఒకరి మీద ఒకరు అనుమానంతో బట్టలు చింపుకునే గొడవ ఉంది, అది పిల్లోళ్ళకి ఎట్టాగూ నచ్చతాది.

ఊరొచ్చినాక ఆ ఫిడేలు సంగతి ఏమయిందో మీకు గుర్తుండే ఉంటాది, వాడికి మాత్రం ముందే చెప్పేయొద్దు.