ఫిన్లాండ్ వెళ్తే సంతోషంగా ఉంటామా? ఏడేళ్లు టాంపెరేలో ఉండి వచ్చిన మా అనుభవం

మీరు అడిగినదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇది. మీకు ముప్పై అయిదేళ్లు. ఒంగోలులో ఉంటూ హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. మీ భార్య బ్యాంకు ఉద్యోగిని, పాపకు అయిదేళ్లు, అమ్మానాన్నలు కందుకూరు దగ్గర పల్లెలో పొగాకు సాగు చేసుకుంటున్నారు. ఫిన్లాండ్‌లోని ఒక కంపెనీ మీకు ఉద్యోగం ఇస్తామంది. ప్రపంచంలో అందరికన్నా సంతోషంగా ఉండే దేశం అదేనని ఏటా పేపర్లో చదువుతున్నారు కాబట్టి, అక్కడికి వెళ్తే ఇంతకన్నా సంతోషంగా ఉంటామా అని అడిగారు.

మాది కావలి. మా వారి ఉద్యోగం వల్ల 2016 నుంచి 2023 వరకు ఆ దేశంలోని టాంపెరే నగరంలో ఉన్నాం, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాం. వెళ్లడం పొరపాటని గాని, తిరిగి రావడం పొరపాటని గాని నేను అనుకోవడం లేదు. అయితే మీ ప్రశ్నలోని "ఉంటామా" అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. మేమూ అదే మాట అనుకుని బయలుదేరాం. అక్కడికి చేరాక మా వారి సంతోషం ఒక దారిన, పాపది ఒక దారిన, నాది మరొక దారిన నడిచాయి. కావలిలో ఉండిపోయిన మా అత్తమామల సంగతి సరేసరి.

ముందుగా ఆ ర్యాంకు గురించి చెప్పాలి. ప్రపంచ సంతోష నివేదిక 2012లో మొదలైంది. 2018 నుంచి 2025 దాకా వరుసగా ఎనిమిదేళ్లు ఫిన్లాండే మొదటి స్థానంలో నిలిచింది. 2025లో 147 దేశాల పట్టికలో మనది 118వ స్థానం. లెక్క ఎలా కడతారో తెలియక, అక్కడి జనం పొద్దస్తమానం నవ్వుతూ తుళ్లుతూ ఉంటారని మనవాళ్లు ఊహించుకుంటారు. నిజానికి వాళ్లు అడిగే ప్రశ్న చాలా చిన్నది. ఒక నిచ్చెనను ఊహించుకోమంటారు, అడుగున సున్నా, పైన పది, మీరు ఊహించగల అత్యుత్తమ జీవితం పదో మెట్టు అయితే ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పమంటారు. ఏటా దేశానికి సుమారు వెయ్యి మందిని ఇలా అడిగి, మూడేళ్ల సగటు తీస్తారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో ఉండేది బతుకు మీది తృప్తి, రేపటి గురించి దిగులు లేకపోవడం. మా పక్క ఫ్లాటులోని పెద్దాయన ఏడేళ్లలో మాతో మాట్లాడిన మాటలన్నీ రాసినా ఒక పేజీ నిండదు. ఒకసారి భాష క్లాసులో ఇచ్చిన అభ్యాసం కోసం ఈ నిచ్చెన ప్రశ్నే ఆయనను అడిగితే, తాళంచెవి చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి కాసేపు ఆలోచించి, "ఎనిమిది" అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

ఆ సంతోషం అక్కడ పుట్టినవాళ్లకే గాని బయటివాళ్లకు దక్కదని కొందరు మీకు చెప్పి ఉంటారు. అది సరి కాదు. 2018 నివేదికలో వలస వెళ్లినవారిని విడిగా లెక్కించి 117 దేశాలకు ఒక పట్టిక వేస్తే, అందులోనూ ఫిన్లాండే మొదట వచ్చింది. మా ఇంట్లో దానికి సాక్ష్యం మా వారే. వెళ్లిన కొత్తలో ఆయన ఇక్కడి అలవాటు ప్రకారం సాయంత్రం ఆరున్నర దాకా ఆఫీసులోనే ఉండేవారు. రెండో వారంలో పై అధికారి పిలిచి, పని ఎక్కువైతే చెప్పమని, పనిని తగ్గిద్దామని అన్నాడట. వారానికి ముప్పై ఏడున్నర గంటల పని, ఏడాదికి అయిదు వారాల సెలవు. నాలుగు గంటలకు ఆఫీసు ఖాళీ అయిపోయేది. హైదరాబాదులో ఉన్న నాలుగేళ్లలో పాపను నిద్రలో తప్ప చూడని మనిషి, అక్కడ ప్రతి సాయంత్రం దాన్ని డే కేర్ నుంచి తానే తీసుకొచ్చేవారు. మీరు ఇంటి నుంచే పని చేస్తున్నారు కాబట్టి ఈ లాభం మీకు ఎంత వస్తుందో మీరే చూసుకోవాలి. రాత్రి పదకొండుకు కూడా ఫోను మోగే ఉద్యోగమైతే మాత్రం చాలా వస్తుంది.

పాపకైతే ఆ దేశం అచ్చంగా పుట్టినిల్లు అయింది. అక్కడ ఏడో ఏట గాని బడి మొదలు కాదు, అంతవరకు ఆటే. మైనస్ పది డిగ్రీల చలిలోనూ పిల్లలను మందపాటి సూట్లు తొడిగి ఆరుబయట ఆడిస్తారు. బడిలో పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం, 1948 నుంచి అది చట్టం. ఆ తొలి చలికాలంలో పాప ఎర్రటి చేతి తొడుగు ఒకటి ఎక్కడో పడిపోయింది. మూడు రోజుల తర్వాత అదే దారిన వెళ్తుంటే, ఎవరో దాన్ని మంచులోంచి తీసి, కంటికి కనపడేంత ఎత్తులో కంచె గుంజకు తొడిగి ఉంచారు. గడ్డకట్టి అరచేయి ఆకారంలో నిలబడి ఉంది. దారిలో దొరికిన వస్తువును అలా పైకి పెట్టి పోవడం అక్కడ మామూలే. 2025 నివేదికలో పోగొట్టుకున్న పర్సు తిరిగి వస్తుందన్న నమ్మకానికీ సంతోషానికీ గట్టి సంబంధం ఉందని చదివినప్పుడు నాకు ఆ చేతి తొడుగే గుర్తొచ్చింది. ఆగస్టులో అడవికి వెళ్లి నీలి పండ్లు ఎవరైనా కోసుకోవచ్చు, అడవి ఎవరిదైనా సరే, అది అందరి హక్కు. మన దగ్గర నేరేడు పండ్లు తిన్నట్టు నోరంతా ఊదా రంగు చేసుకుని వచ్చేది మా అమ్మాయి. ఇంటర్ చదువు పేరుతో పిల్లలను ఎనిమిదో తరగతి నుంచే గదుల్లో పెట్టే మన ప్రాంతంలో ఆ బాల్యం దానికి దొరికేది కాదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

ఇక నా సంగతి. మీరు మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాశారు కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. నేను కావలిలో ఒక జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లు గణితం చెప్పాను. భార్యగా వెళ్లినా అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు ఉంటుంది, కాగితం మీద ఏ అడ్డూ లేదు. కాని ఫిన్నిష్ రాకుండా తరగతి గదిలోకి ఎవరు రానిస్తారు? అందరికీ ఇంగ్లీషు వచ్చినా, ఉద్యోగాల్లో ఎక్కువ భాగం వాళ్ల భాషలోనే నడుస్తాయి. ఆ భాషకు పదిహేను విభక్తులు. తెలుగువాళ్లకు అది మరీ పరాయిగా ఉండదని మాత్రం చెప్పగలను. "తలో" అంటే ఇల్లు, "తలోస్సా" అంటే ఇంట్లో, "తలోస్తా" అంటే ఇంట్లోంచి. మనలాగే మాట చివర ప్రత్యయం తగిలిస్తారు. ఇంగ్లీషు తప్ప మరొకటి తెలియని సహాధ్యాయులు తల పట్టుకున్న చోట నాకు సులువుగా అందింది. అయినా ఉద్యోగానికి సరిపడా రావడానికి రెండున్నరేళ్లు పట్టింది, ఆ తర్వాత దొరికింది బడిలో తరగతి సహాయకురాలి పని. పిల్లలకు జిప్పులు పెట్టి, భిన్నాల లెక్కల్లో వెనకబడినవాళ్ల పక్కన కూర్చునేదాన్ని. ఆ పని నాకు ఇష్టమయింది కూడా. అయితే దానికి ముందున్న రెండున్నరేళ్లను నేను తేలిగ్గా చెప్పలేను.

డిసెంబరులో అక్కడ పొద్దున తొమ్మిదిన్నర దాటితే గాని తెల్లవారదు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. మా వారు ఆఫీసులో, పాప డే కేర్లో, నేను వంటింటి కిటికీ దగ్గర. నా పేరు పక్కన "మేడమ్" అనే మాట లేకుండా అంత కాలం గడపడం నాకు అదే మొదలు. ఒక రోజు ఉండబట్టలేక అత్తమ్మకు ఫోను చేసి, "ఇక్కడ చీకటి పడిపోయింది అత్తమ్మా" అన్నాను. మన దగ్గర అప్పటికి ఆరున్నర. ఆమె మామూలుగా, "ఇక్కడా పొద్దు గూకిందిలేమ్మా, దీపం పెట్టుకో" అంది. నాకు మధ్యాహ్నం మూడే అయిందని ఆమెకు చెప్పలేదు. లేచి వెళ్లి దీపం పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నిచ్చెన ప్రశ్న మా ఇంట్లో అడిగి ఉంటే మా వారు ఎనిమిది అనేవారు, నేను నాలుగు అనేదాన్ని, సగటు ఆరు అని ఎవరో రాసుకుని వెళ్లేవారు.

ఇలాంటిది నాకొక్కదానికే జరగలేదు. టోంగా దీవుల నుంచి న్యూజిలాండ్ వెళ్లడానికి దరఖాస్తు చేసినవారిలో కొందరిని లాటరీ తీసి ఎంపిక చేస్తారు. లాటరీలో నెగ్గి వెళ్లినవారినీ, నెగ్గక ఉండిపోయినవారినీ పోల్చి పరిశోధకులు అధ్యయనం చేశారు. వెళ్లినవారి ఆదాయం దాదాపు మూడు రెట్లయింది, మానసిక ఆరోగ్యం కూడా మెరుగైంది, కాని కొన్నేళ్లు గడిచేసరికి వారు చెప్పుకునే సంతోషం తగ్గింది. ఫిన్లాండ్ పట్టికనూ టోంగా ఫలితాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే, దేశం పేరు చూసి ఎవరూ మీకు అవుననో కాదనో చెప్పలేరని తెలుస్తుంది.

మీ అమ్మానాన్నల విషయం మీరు చివర్లో రాశారు. మేమూ చివర్లోనే ఆలోచించాం. 2015లో మొహర్రం వేళ రొట్టెల పండుగకు మా అత్తమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్లి, స్వర్ణాల చెరువులో దిగి, కొడుకు కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే కోరిక రొట్టెను మరొకరికి ఇవ్వాలి కదా. 2016లో మేము టాంపెరేలో ఉండగా ఆమె ఒక్కతే కావలి నుంచి బస్సెక్కి వెళ్లి ఎవరో కుర్రవాడి చేతిలో రొట్టె పెట్టి, చెరువు గట్టు మీద నుంచి మాకు ఫోను చేసింది. కొడుకుకు ఉద్యోగం వచ్చిన సంతోషం ఆమె గొంతులో నిండుగా ఉంది. కాసేపటికి, "మళ్లీ ఏ రొట్టె పట్టుకోవాలో తోచడం లేదబ్బాయ్" అంది. 2018 నివేదికలోనే, వెనక ఉండిపోయిన కుటుంబాలు తమ బతుకు మెరుగైందని చెబుతాయి గాని రోజువారీ సంతోషంలోనూ బాధలోనూ మెరుగు కనబడదని ఒక అధ్యాయంలో ఉంది. చదవగానే ఆ ఫోను గుర్తొచ్చింది.

2021లో మామయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు ఎదురింటి లెక్చరర్ గారు, వీధి చివరి ఆటో అబ్బాయి కలిసి ఆసుపత్రికి చేర్చారు. మా వారు హెల్సింకీ, దోహా, చెన్నై మీదుగా ఇంటికి రావడానికి ముప్పై గంటలు పట్టింది. పిలవకుండానే వచ్చే మనుషులు మనకు ఇక్కడ ఉన్నారు, మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ఫిన్లాండ్‌లో పిలిస్తే వచ్చే వ్యవస్థ ఉంది. రెండూ విలువైనవే, కాని మన పెద్దవాళ్లకు రెండోది పనికిరాదు. తల్లిదండ్రులను అక్కడికి శాశ్వతంగా తీసుకెళ్లడం దాదాపు అసాధ్యం. పర్యాటక వీసా మీద వస్తే ప్రతి నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులకు మించి ఉండనివ్వరు. మామయ్య కోలుకున్నా, అత్తమ్మ ఒంటరిగా చేయలేక అలసిపోతున్నదని తెలిసి మేము 2023లో తిరిగి వచ్చాం.

మీరు లెక్కలో వేసుకోవలసిన మార్పులు మేము వచ్చాక కూడా కొన్ని జరిగాయి. పౌరసత్వానికి అయిదేళ్ల నివాసం చాలుననే నిబంధనను 2024 అక్టోబరు 1 నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు. ఉద్యోగం మీద అనుమతి పొందినవారు ఆ ఉద్యోగం పోతే మూడు నెలల్లో, కొన్ని వర్గాలవారు ఆరు నెలల్లో మరొకటి వెతుక్కోవాలని 2025లో నిబంధన తెచ్చారు. అందువల్ల మీ ఒక్క జీతం మీదే వెళ్లాలనుకుంటే, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకోకుండా బయలుదేరవద్దు.

మీ పాప వయసు సరిగ్గా సరిపోతుంది, మీ పని వేళలు చక్కబడతాయి, కాబట్టి మీ ఇద్దరి వరకు నా జవాబు అవును. మీ భార్య విషయంలో మీరు గాని, నేను గాని జవాబు చెప్పడానికి వీల్లేదు. ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే, మీరు పక్కన లేనప్పుడు ఆమెను ఒక కాగితం మీద రెండు మామూలు మంగళవారాలు రాయమనండి. ఒకటి ఇప్పుడు ఒంగోలులో గడుస్తున్నది, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంట గంటకూ. రెండోది ఫిన్నిష్ ఇంకా రాని తొలి డిసెంబరులో గడవబోయేది. ఆ కాగితం మీ చేతికి వచ్చాక, బ్యాంకులో ఆమెకు దీర్ఘకాల సెలవు దొరుకుతుందా అన్నది ఇద్దరూ కలిసి కనుక్కోండి. దొరికే మాటైతే, ఆమె ఇప్పటి నుంచే ఆన్‌లైన్‌లో ఫిన్నిష్ మొదలుపెట్టడానికి ఇష్టపడితే, వెళ్లి రెండేళ్లు చూడమనే చెబుతాను. మీ అమ్మానాన్నల దగ్గరికి ఈ ఆదివారమే వెళ్లి, వాళ్లను కూడా ఆ నిచ్చెన ప్రశ్న అడగండి.