ముందు పని గురించి అడుగు

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పంపిన వ్యాసం రెండూ చదివాను. మిర్చి ముచ్చికలు తీసే ఆడవాళ్ల చరిత్ర రాయాలని గుంటూరులోనే ఉండిపోయావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ నీ వ్యాసంలో వాళ్ల కన్నీళ్లున్నాయి, వాళ్ల పని లేదు.

కష్టాల గురించి అడిగితే ఎవరైనా కష్టాలే చెబుతారు. పని గురించి అడుగు. తాలు కాయను, అంటే రంగు పోయిన నాసి కాయను, ఎలా గుర్తుపడతారు? ఘాటుకు చేతులు మండితే ఏం రాసుకుంటారు? కూలి కిలోల లెక్కనా, రోజు లెక్కనా? కాటా దగ్గర ఎవరుంటారు? కూలీల ముఠాలోకి కొత్త మనిషిని ఎవరు తెస్తారు? చంటిపిల్లను ఎక్కడ పడుకోబెడతారు? పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లిన పెద్దావిడ ఎవరైనా దొరికితే, ఆకు రంగూ మందమూ మచ్చా చూసి రకం ఎలా తేల్చేదో అడుగు. మాటల్లో చెప్పలేక చేతులతో చూపిస్తుంది. అదీ రాసుకో. గుంటూరు పొగాకు దేశాలు దాటడం వెనక ఆ చేతుల నేర్పు ఉంది.

కాగితాలు వదిలేయమనడం లేదు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు తిరగెయ్యి. ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు 1922లో గుంటూరులో శారదా నికేతనం అనే స్త్రీ విద్యాసంస్థ పెట్టారని చరిత్రలో ఉంది. ఆ కాలంలో కూలికి వెళ్లిన ఆడమనిషి పేరు దొరకడం మాత్రం కష్టం. జనాభా లెక్కలతో ఇంకో చిక్కు. 1981 నుంచి ఏడాదిలో 183 రోజులైనా పనిచేసిన వాళ్లే ప్రధాన కార్మికులు. అంతకన్నా తక్కువైతే ఉపాంత కార్మికులు. సీజన్ పనికి వెళ్లే మనిషి ఎంత ఒళ్లు వంచినా ఆ రెండో గడిలోకే పోవచ్చు. లెక్కలు చూసేటప్పుడు ఇది మర్చిపోకు.

యూనివర్సిటీ ఉద్యోగం లేకుండా చరిత్రకారిణిని కాగలనా అన్నావు. కాగలవు. ఇంటి అద్దెకు మాత్రం వేరే సంపాదన చూసుకో, ట్యూషన్లో, అనువాదాలో. ఈ పరిశోధనే తిండి పెడుతుందని నమ్ముకుంటే రెండేళ్లలో విసిగిపోయి వదిలేస్తావు. అలా జరగడం నాకిష్టం లేదు.

స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల మాటల్ని 1986లో పుస్తకంగా తెచ్చారు. ముందు అది చదువు. నువ్వు రాసింది అచ్చుకిచ్చే ముందు వాళ్లుండే పేటకే వెళ్లి, చెప్పినవాళ్లకే చదివి వినిపించు. తీసెయ్యమన్నది తీసెయ్యి. పేరు వద్దంటే వెయ్యకు. మేస్త్రీ ఎదుట ఎవర్నీ మాట్లాడించొద్దు, మర్నాడు వాళ్లకు పని దొరక్కపోవచ్చు.

ఎండలు ముదిరాక మిర్చి యార్డుకు సెలవులిస్తారు కదా, అప్పుడు వెళ్లు. సీజన్‌లో నీ దగ్గర కూర్చున్న ప్రతి గంటా వాళ్ల కూలిలోంచి పోతుంది.