చేత్తో చేసే కార్డుల్లో రంగు పాకకుండా, గ్లిటర్ రాలకుండా ఉండాలంటే

స్టెన్సిల్ (ఆకారాలు కోసిన పలచని అచ్చు) ఎత్తేసరికి అంచుల కింద రంగు పాకిపోతోందనీ, స్టాంపు ఒక మూల పడి మరో మూల పడటం లేదనీ, గ్లిటర్ కవరు నిండా రాలుతోందనీ రాసి, ఖరీదైన సామాను కొంటే ఇవన్నీ తగ్గుతాయా అని మీరు అడిగారు. కొన్నేళ్లుగా పుట్టినరోజులకూ పెళ్లిరోజులకూ కార్డులు సొంతంగా చేసి ఇస్తున్న అనుభవంతో చెబుతున్నాను: కాగితం తప్ప మరేదీ మార్చనక్కర్లేదు. మీ ఇబ్బందుల్లో చాలావరకు తడి ఎక్కువ కావడం వల్ల వచ్చేవే.

పలచని కాగితం తడి తగలగానే వంకర తిరుగుతుంది కాబట్టి 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) ఉన్న నున్నటి కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కాగితం, తీసుకోండి. ఏ4 షీటును సగానికి కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే ఏ6 కార్డులు రెండు వస్తాయి.

స్టెన్సిల్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. పొడి స్పాంజికి కొద్దిగా రంగు అద్ది, ముందు చిత్తు కాగితం మీద ఒత్తి, ఇక ఇందులో రంగే లేదేమో అనిపించినప్పుడు కార్డు మీదికి తీసుకురండి. స్పాంజిని నిలువుగా పట్టుకొని తడుతూ పోవాలే తప్ప పక్కకు లాగకూడదు. లాగిన ప్రతిసారీ రంగు స్టెన్సిల్ అంచు కిందికి దూరుతుంది. మొదటి పూత వెలిసిపోయినట్టు కనిపించినా తొందరపడకుండా, అది పూర్తిగా ఆరాక రెండోది వేస్తే అంచులు కోసినట్టు నిలుస్తాయి. ఉబ్బెత్తు డిజైన్ కావాలంటే రంగుకు బదులు టెక్స్చర్ పేస్టును స్టెన్సిల్ మీద ఒకే ఊపులో పరచి, స్టెన్సిల్‌ను నేరుగా పైకెత్తి, వెంటనే కడిగేయండి, ఎందుకంటే పేస్టు గట్టిపడితే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి.

కొత్త పారదర్శక స్టాంపు మీద ఇంకు చుక్కలు చుక్కలుగా విడిపోతుంటే దాని ముఖాన్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. కార్డు కింద పలచని ఫోమ్ పరిస్తే ఒత్తిడి అన్ని మూలలకూ సమానంగా అందుతుంది. బాగా పడాలని స్టాంపును అటూ ఇటూ ఊపడం చాలామందికి అలవాటు. అంచులు అలుక్కుపోయేది దానివల్లే. డై ఇంకు త్వరగా ఆరుతుంది, పిగ్మెంట్ ఇంకు నిదానంగా ఆరుతుంది. అందుకే ముద్రను ఉబ్బెత్తుగా తేల్చే ఎంబాసింగ్‌కు రెండోది పనికొస్తుంది. తడిగా ఉన్న ముద్ర మీద ఎంబాసింగ్ పొడి చల్లి, మిగిలింది దులిపి, వేడిగాలి ఊదే హీట్ గన్ ఒకచోట నిలిపి చూడండి: ఇసుకలా గరుగ్గా ఉన్న పొడి ఒక్కసారిగా కరిగి నిగనిగలాడుతుంది. అలా మెరిసిన క్షణమే పక్కకు జరగాలి, లేకపోతే కాగితం మాడుతుంది.

ఇక గ్లిటర్. జిగురుకు నేరుగా తగిలిన రేణువులే నిలుస్తాయి, వాటి మీద పేరుకున్నవన్నీ ఎప్పటికైనా రాలేవే. కనుక ఎక్కువ చల్లినంత మాత్రాన మెరుపు పెరగదు. సన్నని రకాన్ని ఎంచుకొని, జిగురు పలచగా రాసి, అడుగున మడత పెట్టిన కాగితం పరచుకుంటే రాలినది తిరిగి సీసాలోకి పోసుకోవచ్చు. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు పొడి బ్రష్‌తో తుడిచాకే కవరులో పెట్టండి. తిన్నని గీతలకైతే జిగురు కంటే రెండువైపులా అంటుకునే టేపే నాకు నచ్చుతుంది. మామూలు గ్లిటర్ చాలావరకు ప్లాస్టిక్ పొరే. యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబరు నుంచి అలాంటి విడి గ్లిటర్ అమ్మకంపై ఆంక్షలు పెట్టింది. పసిపిల్లలున్న ఇళ్లకు పంపే కార్డుల్లో నేను దాన్ని వాడను. టెక్స్చర్ పేస్టులో అభ్రకం పొడి కలిపి స్టెన్సిల్ వేస్తాను. మెరుపు కాస్త తగ్గినా రాలే బెడద ఉండదు.

ముందు స్టాంపు, తరువాత స్టెన్సిల్, చివరికే గ్లిటర్ అనే వరుస పాటించండి. ఇదంతా కార్డు మీద నేరుగా కాకుండా విడి ముక్క మీద చేసి అతికిస్తే, ఎక్కడైనా చెడినా ఆ ముక్క ఒక్కటే పోతుంది.