ట్రైలర్ బ్రేకులు పట్టేస్తే లాగకండి, ముందు ఎయిర్ ఎక్కించండి

వానాకాలమంతా నిలిపిన ట్రైలర్ చక్రాలు తిరగడం లేదు, హార్స్ (ట్రైలర్‌ను లాగే ముందు ఇంజన్ బండి) తగిలించి రేస్ చేసి లాగితే వదులుతాయా అని అడిగారు. వదలవు, అన్నా! టైర్లు పోతాయి. హైదరాబాద్ ఆటోనగర్‌లో నాకిదే పని.

ట్రైలర్ పార్కింగ్ బ్రేకును పట్టేది స్ప్రింగు, వదిలించేది ఎయిర్. నిలిపిన బండిలో ఎయిర్ దిగిపోతే స్ప్రింగే పట్టేస్తుంది. అందుకే మొదట చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, పైపులు తగిలించి, ఎయిర్ 8 బార్ దాకా ఎక్కనివ్వండి. బ్రేకు రిలీజ్ చేసి ఒక్కో బూస్టర్ (చక్రం దగ్గర స్ప్రింగు, ఎయిర్ ఉండే బ్రేకు డబ్బా) రాడ్డు చూడండి. రాడ్డు లోపలికి వెళ్లకపోతే ఎయిర్ అందట్లేదనో, స్లాక్ అడ్జస్టర్ (రాడ్డును బ్రేకుకు కలిపే లివర్) దగ్గర బిగుసుకుందనో అర్థం. రాడ్డు వెళ్లినా చక్రం తిరగకపోతే లైనర్ (డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే పట్టీ) తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంది.

2020లో లాక్‌డౌన్‌కు కిరాయిల్లేక నిలిచిపోయి, అక్టోబర్ వరదలో నానిన ఒక బండి దగ్గరికి నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికే ఓనర్ ఫోన్లో డ్రైవర్‌తో "రేస్ చెయ్ రా, అదే వస్తది" అంటున్నాడు. వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకొచ్చి నేల మీద నల్లటి చార పడింది. టైరు ఒకచోట దారాలు తేలేదాకా అరిగింది. ఇంజన్ ఆపించి, రాడ్డు చూసి, డ్రమ్ము అంచు చుట్టూ సుత్తితో కొట్టుకుంటూ వచ్చాను. మొదట మొద్దు శబ్దం. ఎర్రటి తుప్పు పొడి రాలుతూ ఉంది. ఇంకో చుట్టు కొట్టేసరికి గంటలా ఖంగుమంది. లైనర్ వదిలిందనడానికి అదే గుర్తు. మిగతావీ అలాగే వదిలించి, దిమ్మెలు తీసి, బండిని మెల్లగా కాస్త వెనక్కి, కాస్త ముందుకి కదిలించాం.

ఆ టైరు డబ్బులు డ్రైవర్ జీతంలో కోశారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రేస్ చెయ్యమన్నది ఎవరు? నీళ్లు నిలిచే చోట బండి పెట్టమన్నది ఎవరు? ఇంత పెద్ద ఊళ్లో లారీలు పెట్టుకోడానికి సరైన జాగాలే లేవు. సర్వీస్ రోడ్డు పక్కనో, పల్లపు ప్లాట్లలోనో పెడతారు. పట్టేసిన బ్రేకుల్లో సగానికి సగం ఆ జాగా వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

కొందరు డ్రమ్మును గ్యాస్ మంటతో కాలుస్తారు, గ్రీజు అంటుకుంటే టైరుతో సహా తగలబడుతుంది. లైనర్ల మీద డీజిల్ పోస్తారు, ఆ తర్వాత బ్రేకు పట్టదు. అన్నిటికన్నా ప్రమాదం బూస్టర్ స్ప్రింగు వైపు క్లాంపు విప్పడం. లోపలి స్ప్రింగు తన్నిందంటే మనిషి బతకడు. ఎయిర్ అసలే అందకపోతే వెనకుండే రిలీజ్ బోల్టుతో స్ప్రింగును లాక్ చేయండి. అప్పుడు బండిని పట్టుకునేది దిమ్మెలే, కాబట్టి కిందికి దూరేముందు వాటిని మళ్లీ చూసుకోండి.

వదిలాక ఖాళీ బండిని కొద్దిదూరం నడిపి, ఆపి, ఒక్కో డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకండి. ఏది ఎక్కువ సెగ కొడుతుందో అది ఇంకా పట్టుకునే ఉంది. ఆ చక్రం విప్పించాకే లోడు ఎక్కించండి.