ఎనిమిది కోర్లున్నా ఆట నత్తనడకే ఎందుకు?

కావలి నుంచి రాసిన మిత్రమా, కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు (విడివిడిగా పని చేసే భాగాలు) ఉన్నా, ప్లేస్టేషన్ 2 ఆటలను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్‌2లో ఆట ఈడ్చుకుంటూ నడుస్తోందని, టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ వాడకం 30 శాతం కూడా దాటడం లేదని రాశారు. ఆ 30 శాతంలోనే జవాబు ఉంది: అది అన్ని కోర్ల సగటు, ఒకటి రెండు కోర్లు నిండిపోయి మిగిలినవి ఖాళీగా ఉన్నా అంతే కనిపిస్తుంది.

2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ప్రధాన ప్రాసెసర్ ఎమోషన్ ఇంజిన్ (ఈఈ). వేగం సుమారు 294 మెగాహెర్ట్జ్. దాని ఆదేశాలు చాలావరకు ముందువాటి ఫలితం మీద ఆధారపడతాయి కాబట్టి ఆ పనిని ముక్కలు చేసి కోర్లకు పంచడం చాలా కష్టం. నాట్లకు ఎనిమిది మందిని పిలిచినా నారు అందించేది ఒక్కరే అయితే మిగిలినవాళ్లు గట్టు మీద కూర్చోవలసిందే!

ఎమ్యులేటర్ మాత్రం ఈఈకి ఒక థ్రెడ్ (ఒక కోర్ మీద నడిచే పని వరుస), బొమ్మలు గీసే చిప్ జీఎస్‌కు మరొకటి ఇస్తుంది. సెట్టింగుల్లో ఎంటీవీయూ అనే ఎంపికను ఆన్ చేస్తే, ఈఈలోని లెక్కల విభాగం వీయూ1 పని మూడో థ్రెడ్‌కు వెళ్తుంది. ముందు అది చూడండి. తర్వాత తెర మీద వాడకం సూచికలు పెట్టుకోండి. ఈఈ వాడకం 100 శాతం దగ్గర ఆగిపోతే ఒక్క కోర్ వేగమే అడ్డు. గ్రాఫిక్స్ కార్డు నిండిపోతే రిజల్యూషన్ తగ్గించండి.

ఇంకొకటి, ఛార్జర్ పెట్టే ఆడండి, వేడి కూడా చూసుకోండి. మే నెలలో ఒంగోలు ఎండకు, పైగా పరుపు మీద పెట్టి ఆడితే నా ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం సగానికి పడిపోయేది. అడుగున రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాక ఆట సాఫీగా నడిచింది. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ఈఈ సైకిల్ రేట్ (అనుకరించే ఈఈ వేగం) తగ్గించడం ఆఖరి మార్గం, కొన్ని ఆటలు దానికి మొరాయిస్తాయి.