సినిమా ప్రశ్నలు - జవాబులు: ‘స్టాండ్ బై మీ’ మళ్లీ చూసేవారికి

ప్రశ్న: ‘స్టాండ్ బై మీ’ కాలేజీ రోజుల్లో చూశాను. నలుగురు పిల్లలు రైలు పట్టాల వెంట శవాన్ని వెతుక్కుంటూ వెళ్లే సాహసంగానే గుర్తుంది. ఇప్పుడు పన్నెండేళ్ల మా అబ్బాయితో కలిసి చూడొచ్చా? రెండోసారి చూస్తే ఏం గమనించాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చూడొచ్చండీ. కాకపోతే ముందు మీరొక్కరే చూసేయండి, నిడివి 89 నిమిషాలే. 1986లో రాబ్ రైనర్ తీసిన ఈ సినిమాకు అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. అంటే పదిహేడేళ్లలోపు పిల్లలు థియేటర్లో చూడాలంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ముఖ్య కారణం పిల్లల నోట వచ్చే బూతులు. అవి పోను సిగరెట్లు, కత్తి, తుపాకీ, జలగల సీను, చివర్లో ఓ కుర్రాడి శవం కూడా ఉన్నాయి. కథ 1959 నాటిదని, అప్పటి పిల్లల చేతిలో ఫోన్లు లేవని మీవాడికి ముందే చెప్పండి. లేకపోతే ‘ఇంటికి ఫోన్ చేయొచ్చుగా’ అంటూ మధ్యలో ఆపేస్తాడు.

మీరు మాత్రం మొదటి నిమిషాలు వదలొద్దు. ఆగి ఉన్న కారులోని పేపర్లో, లాయరు క్రిస్ ఛాంబర్స్ కత్తిపోటుకు చనిపోయిన వార్త ఉంటుంది. తొలిసారి చూసేటప్పుడు ఆ పేరు ఎవరిదో తెలియదు కాబట్టి పట్టించుకోం. ఈసారి అది తెలిసే చూస్తారు గనక, ఆ నలుగురిలో ఒకడైన క్రిస్ (నటుడు రివర్ ఫీనిక్స్) నవ్విన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. రాత్రి మంట దగ్గర వాడు చెప్పేది శ్రద్ధగా వినండి. స్కూల్లో పిల్లల పాల కోసం పోగుచేసిన డబ్బులు దొంగిలించి, టీచరుకు తిరిగిచ్చినా మూడు రోజుల సస్పెన్షన్ తప్పలేదు. మరుసటి వారం ఆవిడ ఒంటి మీద కొత్త స్కర్టు! దొంగ అన్న ముద్ర పడ్డ ఇంటి పిల్లాడి మాట ఎవరు నమ్ముతారు? సినిమా మొత్తానికి గుండెకాయ ఈ సీనే.

ఇక నలుగురిలో ఇంకొకడైన గోర్డీ టోపీ. అది చనిపోయిన అన్న డెన్నీ ఇచ్చినది. రౌడీలు దాన్ని లాక్కోవడం మొదటిసారి మామూలు అల్లరిలా కనిపిస్తుంది. అన్న పోయాక ఆ ఇంట్లో గోర్డీని పట్టించుకునేవాళ్లే లేరని గుర్తుంచుకుని చూడండి. శవం దగ్గర వాడు అంతలా ఎందుకు ఏడ్చాడో అప్పుడు అర్థమవుతుంది. ఆ ఏడుపు అన్న కోసం.

సినిమా అయిపోగానే ‘ఏం అర్థమైంది’ అని అబ్బాయిని అడగకండి. వాడే మాట్లాడతాడు, కాస్త టైమివ్వండి.

ప్రశ్న: వంతెన మీద రైలు పిల్లల వీపు దాకా వస్తుంది. నిజంగానే అంత దగ్గరగా తీశారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: లేదు. రైలుకూ పిల్లలకూ మధ్య చాలా దూరం ఉంది. దూరం నుంచి పొడవాటి టెలిఫోటో లెన్సుతో తీస్తే ముందూ వెనకా ఉన్నవి ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. ఎదురుగా తీసిన షాట్లలో పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు ఎంత ఇరుగ్గా పేర్చినట్టున్నాయో చూడండి, లెన్సు పనితనం అక్కడే దొరుకుతుంది. ఊరి సీన్లు ఆరెగాన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో తీశారు. ఈ వంతెన మాత్రం ఉత్తర కాలిఫోర్నియాలోని బ్రిట్టన్ సరస్సు మీదది.